మామ్మ ఒక్కతే వినిపిస్తోంది

మా వీధిలో నాకు కంప్యూటర్లు తెలుసన్న పేరుంది. ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే ఉన్న కాస్త పరువూ పోతుంది గానీ, రిటైరై చాలా ఏళ్లయింది కనక చెప్పేస్తాను. నేను పనిచేసిన ఇరిగేషన్ ఆఫీసుకి మొట్టమొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు, పొద్దున్న రాగానే దాని మీది ప్లాస్టిక్ తొడుగు తీయడం, సాయంత్రం వెళ్తూ మళ్లీ కప్పడం నాకు అప్పజెప్పారు. గది తాళంచెవి నా దగ్గరుండేది మరి. ఈ సంగతి తణుకులో మా వీధి మలుపు తిరిగేసరికి "ఆఫీసులో కంప్యూటరంతా ఆయనే చూస్తారంటండి" అయి కూర్చుంది. అప్పట్నుంచి ఎవరింట్లో టీవీలో చుక్కలొచ్చినా, మిక్సీ తిరక్కపోయినా కబురు నాకే.

అందుకే 2007లో మా పెద్దమ్మాయి పెళ్లయి అమెరికా వెళ్లి, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కాపురం పెట్టినప్పుడు, "కంప్యూటర్ సంగతి నాన్న చూసుకుంటారు" అని వాళ్లాయనకి ధీమాగా చెప్పేసింది. అల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యగారూ, స్కైప్ పెట్టుకోండి. రోజూ మాట్లాడుకోవచ్చు. పైసా ఖర్చుండదు."

ఆ పైసా లెక్క నా డైరీలో ఇప్పటికీ ఉంది. కంప్యూటర్, దానికో బల్ల, కరెంటు పోతే ఆగకుండా యూపీఎస్, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, మోడెమ్, మైకున్న హెడ్‌ఫోన్. అన్నీ కూడితే ముప్ఫై రెండు వేల చిల్లర. ఊరికే మాట్లాడుకోవడానికి అంత ఖర్చు పెట్టిన ఇల్లు మా వీధిలో అంతకు ముందు లేదు.

ముందుగా మా అమ్మ గురించి చెప్పాలి. అప్పటికి ఆవిడకి డెబ్భై ఆరు. ఆవిడ దృష్టిలో ఫోనంటే ట్రంకాలే. మా చిన్నతనంలో మా పెద్ద మేనమామ హైదరాబాదులో ఉండేవాడు. ఆయనతో మాట్లాడాలంటే పోస్టాఫీసుకెళ్లి కాల్ బుక్ చేసి, బల్ల మీద కూర్చుని గోడ మీది నోటీసులన్నీ కంఠతా వచ్చేదాకా చదవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలుండేవి. లైట్నింగ్ కాల్ బుక్ చేశారంటే ఎవరో పోయారని అర్థం. ఆర్డినరీ కాల్ బుక్ చేస్తే, అది కలిసేలోపు మనమే పోయే వీలుండేది. చివరికి లైను కలిసిందా, ఉన్నది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో గొంతు హైదరాబాదు చేరాలి. తీగ దారి చూపిస్తుందంతే, నడవాల్సింది గొంతేనని మా అమ్మ నమ్మకం. ఆవిడ పోస్టాఫీసులో "అన్నయ్యా!" అంటే బయట రిక్షా వాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు.

తర్వాత ఎస్టీడీ బూతులొచ్చాయి. అందులో ఎర్రంకెల మీటరుండేది. అవతలి వాళ్ల మాట వినడం మానేసి అందరూ ఆ అంకెలనే చూసేవారు. రాత్రి పదకొండు దాటితే పావు రేటని, ఊళ్లో మర్యాదస్తులంతా దొంగల్లా అర్ధరాత్రి బూతు ముందు వరసలో నిలబడేవారు. మా అమ్మ అక్కడా గొంతు తగ్గించలేదు. మీటరు దూరానికి తగ్గట్టు డబ్బులు అడుగుతోందంటే, అంత దూరమూ అరవాల్సి ఉంటుందనే కదా?

ఇప్పుడు అమెరికా. మీరే ఊహించుకోండి.

స్కైప్ పుట్టింది 2003 ఆగస్టులో. ఒక స్వీడన్ ఆయనా ఒక డెన్మార్క్ ఆయనా కలిసి మొదలుపెడితే, ప్రోగ్రామ్ రాసింది ఎస్టోనియా కుర్రాళ్లు. ఎస్టోనియా జనాభా అప్పటి మా పశ్చిమ గోదావరి జిల్లా జనాభాలో సగం కూడా ఉండదు. అంత చిన్న దేశం వాళ్లు లోకమంతా కబుర్లు చెప్పుకునే సాధనం తయారుచేశారంటే, అక్కడ వాళ్లకి మాట్లాడుకోవడానికి మనుషులు చాలక అయి ఉంటుంది. మన ప్రభుత్వం ఇంటర్నెట్‌లో ఫోన్ మాట్లాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది 2002 ఏప్రిల్ 1న. ఆ తేదీ చూసినప్పుడైనా నేను జాగ్రత్తపడాల్సింది.

దీపావళి వెళ్లాక ఒక ఆదివారం పొద్దున్న ముహూర్తం పెట్టుకున్నాను. మా కనెక్షన్ వేగం సెకనుకు 256 కిలోబిట్లు. 2004 నాటి ప్రభుత్వ విధానం ప్రకారం అంతుంటే చాలు, అప్పట్లో దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. స్కైప్ దిగడానికి లెక్క ప్రకారం పదకొండు నిమిషాలు పట్టాలి. పట్టింది మాత్రం మా ఆవిడ ఉప్మా చేసి, అందరం తిని, గిన్నెలు తోమడం అయ్యేంత. దిగాక ప్రశ్నలు మొదలయ్యాయి. నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ. పురోహితుడు "మమ" అనమంటే ఎంత అర్థమై అంటామో, అంత అర్థమై అన్నీ నొక్కాను.

పేరు దగ్గర ఆగింది. నా పేరు కొడితే, అది వేరొకరు తీసేసుకున్నారంది. వెనకనుంచి చూస్తున్న మా అమ్మకి కోపమొచ్చింది. "మీ తాతగారి పేర్రా అది! ఇంకొకడు తీసుకోవడమేమిటి? ఎవడో కనుక్కో." కనుక్కునే వీల్లేదని చెప్పి, ఇంటిపేరు చేర్చాను. అదీ ఎవరో తీసుకున్నారు. పుట్టిన సంవత్సరం చేర్చాను. ఊరు చేర్చాను. చివరికి ఒప్పుకుంది గానీ, ఆ పేరు శంకుస్థాపన శిలాఫలకమంత అయింది. పాస్‌వర్డ్ మర్చిపోకుండా గోడ క్యాలెండరు మీద పాల లెక్క కింద రాసి పెట్టాను. ఇంట్లోకి వచ్చిన వాళ్లందరికీ కనిపించేది. ఎవరూ దొంగిలించలేదు.

హెడ్‌ఫోన్ తగిలించడానికి బల్ల కింద దూరాను. సీపీయూ వెనక మూడు చిల్లులున్నాయి. మా ఆవిడ టార్చి పట్టుకుంది. టార్చి ఆవిడ చూడాలనుకున్నవాటి మీద పడుతోంది గానీ నేను చూడాల్సినవాటి మీద పడట్లేదు. "అబ్బ, ఎంత బూజండీ" అంటూ మూలల వైపు తిప్పుతోంది. ఆ చీకట్లో నాకు తెలిసిందొకటే. ఒక చిల్లులో అప్పటికే స్పీకర్ల పిన్ను ఉంది. ఆర్టీసీ బస్సులో తువ్వాలు వేసిన సీటు జోలికి మర్యాదస్తుడు వెళ్లడు. హెడ్‌ఫోన్‌కి రెండు పిన్నులున్నాయి, ఖాళీగా రెండు చిల్లులున్నాయి. దేవుడు చక్కగా సరిపెట్టాడనుకుని రెండూ గుచ్చేసి బయటికొచ్చాను.

స్కైప్‌లో ఒక మంచి ఏర్పాటుండేది. ఎకో 123 అన్న పేరుకి కాల్ చేస్తే, ఒకావిడ ఇంగ్లీషులో పలకరించి, బీప్ వినిపించాక మాట్లాడమనేది. మనం పది సెకన్లు మాట్లాడితే, ఆ మాటల్నే మనకి తిరిగి వినిపించేది. నేను హెడ్‌ఫోన్ తలకి తగిలించుకుని, మైకు పుల్ల మూతి దగ్గరికి వంచుకుని, విమానం నడిపేవాడిలా కూర్చున్నాను. చెవుల్లో శబ్దం రాలేదు గానీ స్పీకర్లలో వచ్చింది. పోన్లే, ఎక్కడో అక్కడ వస్తోంది కదా అనుకున్నాను. బీప్ అంది. ముక్కూ మొహం తెలీని ఆవిడతో పది సెకన్లలో ఏం మాట్లాడతాం? "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అన్నాను, నవరాత్రి పందిట్లో అన్నట్టు. తిరిగి వచ్చింది నిశ్శబ్దం. పది సెకన్ల నికార్సైన నిశ్శబ్దం.

నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే. "ఇటియ్యి" అంది అమ్మ. హెడ్‌ఫోన్ తలకి పెడితే ముడి చెదురుతుందని, దాన్ని చేత్తో పట్టుకుని, ఒక దొప్ప చెవి దగ్గరా, రెండో దొప్ప నోటి దగ్గరా ఆనించుకుంది, పాత నల్ల ఫోను రిసీవరులాగ. మైకు పుల్ల ఎటో గాల్లో వేలాడుతోంది. ఇదంతా తప్పని చెప్పబోయాను. బీప్ అనేసింది.

"అమ్మాయీ! బావున్నావా? అన్నం తిన్నావా?"

స్పీకర్లలోంచి, నూతిలోంచి వచ్చినట్టు సన్నగా, "అమ్మాయీ! బావున్నావా? అన్నం తిన్నావా?" అని వినిపించింది.

అమ్మ మొహం విప్పారింది. "ఇప్పుడే ఉప్మా తిన్నానమ్మా" అని జవాబు చెప్పి, నా వైపు తిరిగి, "చూశావా ఎంత మర్యాదో! మనం అడిగితే తనూ అడిగింది. నీకు మాట్లాడటం చేతకాక గానీ" అంది.

ఆ తర్వాత అమ్మాయికి కాల్ కలిపాం. మాకు పొద్దున్న ఆరున్నర, వాళ్లకి ముందురోజు సాయంత్రం ఏడు. మా ప్లానులో రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్క లేదు. ఎనిమిది దాటితే మీటరు తిరిగేది. కాబట్టి ఆదివారం పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది లోపలే మా కబుర్లు. అక్కడింకా శనివారమని తెలిసినప్పట్నుంచి అమ్మకో ధర్మసందేహం. ఆవిడ శనివారాలు ఒంటిపూట ఉండేది. "అక్కడున్న మనవాళ్లకి ఏడుకొండలవాడు ఏ శనివారం లెక్క వేస్తాడ్రా? మనదా, వాళ్లదా?" మార్చిలో రెండో ఆదివారం నుంచి అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారనీ, అప్పుడు తేడా పదకొండున్నర నుంచి పదిన్నర గంటలవుతుందనీ చెప్పడం నాదే పొరపాటు. "ఆ గంట ఎవరు తీసుకుంటారు?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

అమ్మాయి గొంతు స్పీకర్లలో గణగణమంటూ వచ్చింది. మేమంతా ఒక్కసారే మాట్లాడాం. అప్పుడు అంది, ఈ వ్యాసానికి పేరైన ఆ మాట.

"నాన్నా, నీ గొంతు రావట్లేదు. అమ్మది కూడా రావట్లేదు. మామ్మ ఒక్కతే వినిపిస్తోంది."

ఆరు వారాలు అంతే. నేను తల కింద పెట్టి కాళ్లు పైన పెట్టినంత పని చేశాను. వాల్యూమ్ కంట్రోల్ తెరిచి, రికార్డింగ్‌లోకి వెళ్లి, మైక్రోఫోన్ ఎదురుగా టిక్కు పెట్టాను. మ్యూట్ తీశాను. మైక్ బూస్ట్ పెంచాను. ఫైర్‌వాల్ ఆపాను. వైరస్ వస్తుందని భయమేసి మళ్లీ వేశాను. సౌండు డ్రైవరు మళ్లీ ఎక్కిద్దామంటే, కంప్యూటర్‌తో ఇచ్చిన సీడీ కనపడలేదు. రెండ్రోజులు వెతికాక దొరికింది, పెరట్లో సపోటా చెట్టుకి. చిలకలు కాయలు కొట్టెయ్యకుండా మా ఆవిడ పాత సీడీలన్నీ దారాలు కట్టి కొమ్మలకి వేలాడదీసింది. మా డ్రైవరు ఎండలో తళతళలాడుతూ చిలకల్ని తోలుతోంది. అది చేసిన పనుల్లో సవ్యంగా జరిగిందదే.

ఈ ఆరు వారాలూ ఇంట్లో రాజ్యాంగం మారిపోయింది. నేను చెప్పదలుచుకున్నది అమ్మకి చెప్పాలి, అమ్మ అమెరికాకి చెప్పాలి. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కాదు. "అల్లుడుగారికి కొత్త ఉద్యోగం బావుందా?" అని నేనడిగితే, "మీ ఆయన జీతమెంతో కనుక్కోమంటున్నాడే మీ నాన్న" అని వెళ్లేది. మా ఆవిడ పరిస్థితి ఇంకా ఘోరం. "గోంగూర పచ్చడి పార్సిలు చేశానని చెప్పండత్తయ్యగారూ" అంటే, అమ్మ దొప్ప నోటికి ఆనించి, "గోంగూర పచ్చడి పంపించానే! నేనే దగ్గరుండి నూరించాను!" అని చెప్పేది. "మామ్మ చేతి పచ్చడికి సాటి లేదు" అని అటునుంచి జవాబు. మా ఆవిడ పళ్లు నూరడం నాకొక్కడికే వినిపించేది. ఈ మధ్యలో మా ఇంటి సంగతులన్నీ అమెరికా కన్నా ముందు మా వీధికి చేరుతున్నాయి. పాలబ్బాయి గుమ్మంలోనే, "అల్లుడుగారికి గ్రీన్‌కార్డు ఇంకా రాలేదంటండి, ఏం బెంగెట్టుకోకండి, వచ్చేస్తుందండి" అని ధైర్యం చెప్పేవాడు.

ఒక ఆదివారం కాల్ ముగిశాక మా ఆవిడ నా ముందు నిలబడింది. "ఏవండీ, వచ్చే ఆదివారానికి నా గొంతు అమెరికా వెళ్లాలి. అంతే." సీపీయూ సంగతి తెలిసినా తెలియకపోయినా, ఆ గొంతు సంగతి నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు. పరువు పక్కన పెట్టి, కంప్యూటర్ షాపు కుర్రాణ్ని పిలిపించాను.

కుర్రాడొచ్చి, బల్ల కిందికి వంగి, సెల్‌ఫోను లైటు వేశాడు. "ఎవరు గుచ్చారండి ఈ పిన్నులు?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. పిన్నులకి రంగులుంటాయండి, చిల్లులకీ అవే రంగులుంటాయండి అని చెప్పాడు. గులాబీ రంగు మైకుది, ఆకుపచ్చ శబ్దం బయటికొచ్చేది, నీలం వేరే యంత్రాల్లోంచి శబ్దం లోపలికి తెచ్చుకోవడానికి. మైక్రోసాఫ్టూ ఇంటెలూ కలిసి పీసీ 99 అని ఒక నిబంధన రాసి, ప్రపంచమంతా ఒకే రంగులుండాలని సూచించారు. చదువు రానివాడు కూడా తప్పు చెయ్యకూడదని వాళ్ల ఉద్దేశం. ఇంజనీర్ల మధ్య ఉద్యోగం చేసినవాడు ఏం చేస్తాడో వాళ్లు ఆలోచించలేదు. నేను హెడ్‌ఫోన్ ఆకుపచ్చ పిన్నుని గులాబీ చిల్లులోనూ, గులాబీ పిన్నుని నీలం చిల్లులోనూ గుచ్చాను.

"మరి మా అమ్మ మాట ఎలా వినిపించిందయ్యా?"

కుర్రాడు కాసేపు తల గోక్కున్నాడు. "మామ్మగారూ, మీరెలా మాట్లాడేవారో ఓసారి చూపించండి" అన్నాడు. అమ్మ రెండు దొప్పలూ పట్టుకుని చూపించింది. వాడు చేతులు జోడించాడు.

సంగతేమిటంటే, చెవి దొప్పలో చిన్న పొర, దానికో తీగచుట్ట, ఒక అయస్కాంతం ఉంటాయి. చుట్టలోకి కరెంటొస్తే పొర కదిలి శబ్దం వస్తుంది. అదే తిరగేసి పొర మీద మనం అరిస్తే చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. అంటే స్పీకరే కాస్త బలహీనమైన మైకు కూడా. మెల్లిగా మాట్లాడితే లాభం లేదు. గట్టిగా, దగ్గరగా, నోరు ఆనించి అరవాలి. ఆ యోగ్యత ఇంట్లో మా అమ్మకే ఉంది. నేను ఆరు వారాలు పనిచెయ్యని మైకు పుల్లతో మర్యాదగా మాట్లాడుతున్నాను. ఆవిడ చెవిలో పెట్టుకోవాల్సినదాన్ని నోటి దగ్గర పెట్టుకుని ట్రంకాలు మాట్లాడింది. "అరిస్తేనే వినిపిస్తుందని మొదట్నుంచీ చెప్తున్నాను" అంది అమ్మ. ముప్ఫై ఏళ్లుగా ఆవిణ్ని "అరవక్కర్లేదమ్మా" అని మందలించిన వాళ్లమంతా తలొంచుకున్నాం.

కుర్రాడు డబ్బులు తీసుకోలేదు. "ఆదివారం పొద్దున్నే మామ్మగారి గొంతుకే మా షాపు వాళ్లం లేస్తున్నామండి. ఇంక అలారం కొనుక్కోవాలండి" అని వెళ్లిపోయాడు.

పిన్నులు సర్దాక, బల్ల మీద మైకూ స్పీకర్లలో అమ్మాయి గొంతూ పెట్టుకుని అందరం హాయిగా మాట్లాడుకోబోయాం. కొత్త సమస్య. "నాన్నా, నేనన్న మాటలు నాకే మళ్లీ వినిపిస్తున్నాయి" అంది అమ్మాయి. మా స్పీకర్లలోంచి వచ్చిన దాని గొంతు మా మైకులో దూరి తిరిగి దాని దగ్గరికే పోతోంది. ఇది ఎవరైనా గుర్తుపెట్టుకోదగ్గ సూత్రం. ప్రతిధ్వని ఎవరికి వినిపిస్తుందో తప్పు వాళ్లింట్లో ఉండదు, ఎదుటివాళ్లింట్లో ఉంటుంది. నేనిది వివరిస్తుంటే మా ఆవిడ అందుకుంది. "దానికిప్పుడు తెలిసిందండీ. ఈ ఇంట్లో నేనన్న మాటలు నాకే వినిపించడం ముప్ఫై ఏళ్ల నుంచీ ఉన్నదే."

స్పీకర్లు ఆపి హెడ్‌ఫోనే వాడితే ప్రతిధ్వని పోతుంది. అప్పుడు ఒక దొప్ప అమ్మ చెవికి, రెండోది మా ఆవిడ చెవికి, మైకు పుల్ల నా మూతికి. ముగ్గురి తలలూ ఒకే చట్రంలో ఇరుక్కుని ఉండేవి. అత్తాకోడళ్ల తలలు అంత దగ్గరగా వచ్చింది మా ఇంటి చరిత్రలో అదే మొదలు.

ఇక ఆలస్యం సంగతి. ఒకవైపు నుంచి మాట రెండోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ తడబడటం మొదలవుతుందని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ప్రమాణం. మాకు అంతకు చాలా ఎక్కువే పట్టేది. మేమడిగిన ప్రశ్న వెళ్లేలోపు అమ్మాయి ఇంకో సంగతి మొదలుపెట్టేది. ఇద్దరం ఒకేసారి ఆగి, ఒకేసారి "నువ్వు చెప్పు" అని, ఒకేసారి మొదలెట్టేవాళ్లం. "నువ్వు చెప్పు" అన్న మాట మీదే మా బ్రాడ్‌బ్యాండ్ ఎంత ఖర్చయిందో లెక్క వెయ్యొచ్చు.

ఇంటర్నెట్‌లో మాట పూర్తిగా వెళ్లదు. దాన్ని సుమారు 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తరిగి, ఒక్కొక్కదాన్ని విడివిడిగా పంపిస్తారు. వేళకి వచ్చిన ముక్కని వినిపిస్తారు. ఆలస్యంగా వచ్చిందాన్ని అవతల పారేస్తారు. బంతి లేచాక వచ్చిన పెరుగు ఎవరికి కావాలి?

ఈ పెరుగు కథ మా ఇంట్లో 2008 ఫిబ్రవరి 3న జరిగింది. అంతకు నాలుగు రోజుల ముందు, జనవరి 30న, ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో ఇంటర్నెట్ కేబుళ్లు తెగి, మన దేశంలో నెట్టంతా నత్తనడకైంది. ఎక్కడో మధ్యధరా సముద్రంలో తీగ తెగితే తణుకులో అమ్మాయి మాట తెగిపోవడం మా అమ్మకి ఒక పట్టాన మింగుడుపడలేదు. "మన మాట ఈజిప్టు మీదుగా ఎందుకు వెళ్లాలిరా? తిన్నగా పంపలేవా?" అంది, నేనేదో ఖర్చు తగ్గించడానికి చుట్టుదారిలో పంపుతున్నట్టు.

ఆ ఆదివారం అమ్మాయి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. "నాన్నా... అందరూ ఉన్నారా... నాకు..." ఖాళీ. "...తప్పింది."

అంతే వినిపించింది. అప్పుడు పేపర్ల నిండా అమెరికాలో ఇళ్ల అప్పుల గొడవ, ఉద్యోగాలు ఊడతాయన్న భయాలు. ఇంటి పెద్దగా ధైర్యం చెప్పాల్సింది నేను కదా. మైకు పుల్ల దగ్గరికి లాక్కుని, "పోతే పోయిందిలేమ్మా, కంగారుపడకు. ఇది కాకపోతే ఇంకోటి. అసలు ఇంత తొందరగా నీకిదంతా ఎందుకని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను" అన్నాను. ఎప్పుడూ ముక్కలై వెళ్లే నా మాట ఆ ఒక్కసారి అక్షరం పొల్లుపోకుండా వెళ్లింది.

అటునుంచి చాలాసేపు ఏమీ రాలేదు. కేబులు మహిమనుకున్నాను. తర్వాత అల్లుడి గొంతు, "మావయ్యగారూ?" అని నీరసంగా వచ్చి, లైను తెగిపోయింది.

అమ్మ చెవి దొప్ప కింద పెట్టి నా వైపు చూసింది. "ఓరి వెర్రివాడా! పెళ్లైన పిల్ల అలా నవ్వు ఆపుకుంటూ తప్పిందంటే ఉద్యోగమేమిట్రా? నెల తప్పిందిరా!"

వచ్చే దారిలో మాట ముక్క పోతే, దాని ముందూ వెనకా ఉన్నవాటిని చూసి ఆ ఖాళీని ఊహించి పూరించడానికి ఈ సాఫ్ట్‌వేర్లలో ఒక విద్య ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని ప్యాకెట్ లాస్ కన్సీల్‌మెంట్ అంటారు. అది మహా అయితే ఒక అక్షరంలో సగం పూరించగలదు. మా అమ్మ మునిమనవణ్ని పూరించింది.

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బస్టాండు దగ్గరి ఐఎస్‌డీ బూతుకి పరిగెత్తాను. ఎర్రంకెల మీటరు ముందు నిలబడి, కూతురికీ అల్లుడికీ విడివిడిగా క్షమాపణలు చెప్పుకున్నాను. ఆ బిల్లు కూడా నా డైరీలో పైసా ఖర్చులేని స్కైప్ పద్దు కిందే రాశాను.

దసరాల్లో మనవడు పుట్టాడు. వాణ్ని చూడాలని వెబ్‌క్యామ్ కొన్నాం. మానిటరు నెత్తిన దాన్ని నిలబెట్టాక, రెండు నెలలపాటు అమ్మాయికి మా ఇంటి సీలింగు ఫ్యానూ, దాని చుట్టూ పెచ్చులూడిన స్లాబూ కనిపించాయి. అమ్మాయి మర్యాద కొద్దీ ఏమీ అనకుండా, సంక్రాంతికి సున్నాలు వేయించుకోమని డబ్బు పంపించింది. స్కైప్ వల్ల మాకు వచ్చిన ఆదాయం అదొక్కటే కనక అది కూడా డైరీలో రాశాను. కెమెరా కిందికి వంచాక మాత్రం అమ్మ మళ్లీ రిసీవరు పద్ధతిలోకి వెళ్లిపోయింది. తెర మీది పసివాడి మొహానికి నోరు ఆనించి, "ఒరేయ్ బుజ్జీ!" అనేది. అక్కడ వాడికి కనిపించిందల్లా తెరనిండా మునిమామ్మ నోరు. వాడు కేరింతలు కొట్టేవాడు.

అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. 2011లో 850 కోట్ల డాలర్లు పోసి మైక్రోసాఫ్ట్ కొనుక్కున్న స్కైప్‌ని, 2025 మే 5న మూసేశారు. పేపర్లో చదివి మా ఆవిడకి చెబితే, "మన బల్ల మాత్రం గట్టిదండి" అంది. దాని మీద ఇప్పుడు ఇస్త్రీ చేసుకుంటోంది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లే. పిన్నుల్లేవు, చిల్లుల్లేవు, సపోటా చెట్టుకి సీడీల్లేవు. మొన్న వీడియో కాల్‌లో నేను పది నిమిషాలపాటు మా మోకాళ్ల వైద్యం గురించి వివరంగా చెప్పాక, పదహారేళ్ల మనవడు, "తాతగారూ, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్నాడు. మొదటి నిమిషంలోనే చూశాడట. చెబితే బాధపడతానని ఆగాడట.

మా వీధిలో నాకు కంప్యూటర్లు తెలుసన్న పేరు ఇంకా పోలేదు. ఎవరో ఒకరొచ్చి, మా అబ్బాయికి మా మాట వినపడట్లేదండి, ఓసారి చూస్తారా అంటారు. నేను చెప్పేది మూడే మాటలు. మీక్కూడా పనికొస్తాయి. ముందు మ్యూట్ చూడండి. తర్వాత వైరుంటే పిన్ను ఏ రంగో చూడండి. అప్పటికీ వినపడకపోతే, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల చేతికిచ్చి, మీరు పక్కకి తప్పుకోండి.